ఓడల మీద కపిల పాట

ముందు ఈ మాట చెప్పేస్తే గాని మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడదు. నేను ఎం.ఏ. పాసయ్యాను. చరిత్రలో. మా వంశంలో అమ్మ వైపు గానీ నాయన వైపు గానీ ఎంత వెనక్కి పోయి వెతికినా డిగ్రీ అనే మాట గడప తొక్కిన ఇల్లు లేదు. అంతకుముందు బి.ఏ. తెచ్చుకున్నదీ నేనే. మనవరాలిని ఒళ్లో పడుకోబెట్టుకుని, అది నిద్రపోయేదాకా జోకొట్టి, ఆ తర్వాత పుస్తకం తీసి చదివాను. ఫలితాంశ వచ్చిందని కూతురు ఫోన్ చేసినప్పుడు చింతామణి సంతలో అనపకాయలు ఏరుకుంటున్నాను. మాది కర్ణాటక, మా వైపు బడికీ కచేరీకీ సంబంధించిన మాటలన్నీ కన్నడంలోనే వస్తాయి. రిజల్టును ఫలితాంశ అంటాం, డిగ్రీని పదవి అంటాం. ఎదురుగా తూకం వేస్తున్నాయనకు చెప్పేశాను, నాకు పదవి వచ్చిందప్పా అని. ఆయన ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆయనకు తెలియదు. తక్కెడ దించి నన్ను ఎగాదిగా చూసి, మంచిదమ్మా అని, ఇంకో గుప్పెడు కాయలు సంచిలో వేశాడు. బస్సెక్కి కండక్టరుకు చెప్పాను. పక్కన కోడిపుంజును ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమెకు చెప్పాను. ఆమె "ఇప్పుడేం పని ఇస్తారమ్మా నీకు?" అని అడిగింది. పనేం ఇవ్వరని చెబితే, పని ఇవ్వని చదువుకు ఇంత నవ్వెందుకని వింతగా చూసింది.

ఈ కబురు అందరికన్నా ముందు చేరవలసింది మా అత్తకు. నారాయణమ్మత్త, నాయనకు చెల్లెలు. పెళ్లయిన కొత్తలోనే మొగుడు పోతే మా ఇంటికి వచ్చేసింది. ఇప్పటికీ కెంచార్లహళ్ళి దగ్గర మా ఊళ్లో, మా తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. కళ్లు మసకబారాయి గానీ చెవులు చురుకు. నేను వెళ్లింది కబురు చెప్పడానికి మాత్రమే కాదు. ఒక సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలియకుండా ఉండిపోయింది. నేను హైస్కూలు కోసం ఊరు విడిచిన పొద్దున నాయన కపిల తోలుతూ ఏం పాడాడు? అది విన్న మనిషి ఇక భూమి మీద అత్త ఒక్కతే. ఎన్నిసార్లు అడిగినా మాట దాటేసింది. ఈసారి చెప్పించుకోవాలని బయల్దేరాను. ఎం.ఏ. చేతిలో ఉంటే ఆ మాట అడగడానికి నాకేదో హక్కు వచ్చినట్టు అనిపించింది.

కపిల అంటే ఈ కాలం పిల్లలకు చూపించడానికి ఎక్కడా లేదు, చెప్పాల్సిందే. బావి గట్టు మీద రెండు రాతి కూసాలు, అంటే నిలువు స్తంభాలు, వాటి మధ్య గిలక. గిలక మీదుగా లావుపాటి మోకు. మోకుకు ఒక కొస తోలు బాన, ఇంకో కొస ఎద్దుల కాడి. బావి గట్టు నుంచి కిందికి వాలుగా తవ్విన దారి ఉంటుంది. ఎద్దులు ఆ వాలు దిగితే బాన నిండి పైకొస్తుంది, తొట్టిలో నీళ్లు వదులుతుంది. మళ్లీ ఎద్దులు వెనక్కి నడుచుకుంటూ వాలెక్కితే బాన బావిలోకి దిగుతుంది. వెనక్కి నడవడం ఏ ఎద్దుకూ పుట్టుకతో రాదు. నాయన వాటికి మెల్లగా, పాటతో నేర్పాడు. దిగేటప్పుడు తానూ మోకు మీద ఎక్కి కూర్చునేవాడు, ఆ బరువు ఎద్దులకు సాయంగా ఉంటుందని. కోడి కూసే వేళకు కపిల కట్టేవాడు, ఎండ ముదిరేలోగా విప్పేవాడు. తడి తోలు వాసన, దానికి పట్టించిన ఆముదం వాసన, ఎద్దుల చెమట వాసన కలిసి నాయన పంచెలో ఎప్పుడూ ఉండేవి. అమ్మ ఎంత ఉతికినా పోయేవి కావు. ఇప్పటికీ చెప్పుల అంగడి ముందు నడిచేటప్పుడు తోలు వాసన తగిలితే అడుగు ఆగుతుంది నాకు.

తొట్టి నుంచి నీళ్లు కాలవలో పడి మడులకు పారేవి. మడి నిండగానే మట్టితో దాని మడవ మూసి పక్క మడికి తిప్పాలి. ఆలస్యమైతే గట్టు తెగుతుంది, నాటు రాగి మునుగుతుంది. ఆ పని నాది. నాకంటే కాస్త పొడవుండే పార చేతికిచ్చి నన్ను మడుల మధ్య నిలబెట్టేవాడు నాయన. బావి దగ్గర నాయన, చేనుకు ఆ కొసన నేను, మధ్యలో మల్బరీ తోట. ఒకరికొకరం కనపడం. కనపడని ఇద్దరు మనుషులు ఒక పని చేయాలంటే మధ్యలో పాట ఉండాలి. నాయన ఎద్దుల్ని వాలు దింపుతూ పాడేవాడు. బాన లేచెనే మునీ, పైకి తేలెనే మునీ, కాలవ నిండెనే మునీ, మడవ తిప్పవే మునీ. నా పేరు మునిరత్నమ్మ. ఆ 'మునీ' దగ్గర గొంతు అంత దూరం పరిచి వదిలేవాడు. నేను "ఓ... పారె పారె" అని పలకాలి. పలికితేనే ఎద్దుల్ని వెనక్కి తిప్పేవాడు. పలక్కపోతే నేను కునుకు తీస్తున్నానో, గట్టు తెగిందో, పాము కనిపించిందో అని అర్థం. కపిల ఉన్న ప్రతి చేనులో ఇదే వాడుక. పొద్దున పూట ఊరి చుట్టూ నాలుగు వైపుల నుంచి పేర్లు వినిపించేవి, ఓ అనే పలుకులు వినిపించేవి. ఎవరి ఇంట్లో ఎవరు మడవ కాస్తున్నారో మంచంలో పడుకునే చెప్పేయొచ్చు.

నాయన అదే పాట అదేపనిగా పాడే రకం కాదు. రోజూ కొత్తది కట్టేవాడు. నిన్న రాత్రి పితికిపప్పు కూరలో ఉప్పెక్కువైతే పొద్దున పాటలో అమ్మ ఉప్పు మూట బావిలో పడిపోయేది. మా ఊరి పెద్ద అయిన గౌడు కూలికి పిలిచి మజ్జిగ కూడా పొయ్యకపోతే, ఆయన బర్రె పాలివ్వనని అలిగి కాశీకి పోయేది. ఎదురుగా నిలబడి అనలేని మాటలన్నీ పాటలో పెట్టేవాడు. గౌడు దారిన పోతూ విని, ఎద్దుల్ని గదా తిడతాండాడు అన్నట్టు మొహం పెట్టుకుని పోయేవాడు. నేను మడిలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. మామూలప్పుడు నాయన మాటల మనిషి కాదు. సంగటి తినేటప్పుడు గానీ అరుగు మీద కూర్చున్నప్పుడు గానీ, మాతో మాట్లాడింది నాకు గుర్తులేదు. ఆయన మనసులో ఏముందో నాకు తెలిసింది మల్బరీ తోట అవతలి నుంచే.

ఏడో తరగతి పాసయ్యాక మా బడి మేష్ట్రు ఇంటికి వచ్చి, ఈ పిల్లను చింతామణిలో హాస్టల్‌లో పెట్టి హైస్కూలు చదివించమని నాయనకు చెప్పాడు. అమ్మకు అప్పటికి తమ్ముడు చంకలో ఉన్నాడు, ఇంటి పని, పాడి పని ఆమెవి. నేను పోతే మడవ దగ్గర ఎవరు? కూలి మనిషిని పెట్టుకునే తాహతు లేదు. కొన్నాళ్లు ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అప్పట్లో అత్త శనక్కాయల మిల్లుకు పోయేది. అక్కడ తోటి ఆడవాళ్లు, వాళ్ల నవ్వులు, సాయంత్రం కొప్పులో ఒక మూర కనకాంబరాలు. ఇంట్లో విధవరాలిగా ముడుచుకు కూర్చునే మనిషి మిల్లు దారిలో మాత్రం చేతులూపుకుంటూ నడిచేది. ఒక పొద్దున అత్త మిల్లుకు పోకుండా కొంగు నడుముకు చుట్టి నా చేతిలోంచి పార తీసుకుంది. "నువ్వు పోమ్మా, నీళ్లు నేను చూసుకుంటా" అంది. అంతే. దాని గురించి చర్చ లేదు, పొగడ్త లేదు. నాయన తల కూడా ఎత్తలేదు.

బయల్దేరిన పొద్దున అమ్మ నా రేకు పెట్టె నెత్తిన పెట్టుకుంది, నేను వెనక నడిచాను. కెంచార్లహళ్ళి వరకు నడిచిపోయి అక్కడ బస్సు పట్టుకోవాలి. నాయన మాతో రాలేదు, తెల్లవారకముందే కపిల కట్టేశాడు. ఊరి పొలిమేర దాటి బండ మీది దారి ఎక్కుతుంటే వెనక నుంచి ఆయన గొంతు లేచింది. నేను ఆగాను. గాలి ఎదురుగా కొడుతోంది. రాగం వచ్చింది గానీ మాట రాలేదు. కొస మాత్రం తెలిసింది, రోజూ వదిలేంత దూరం వదిలాడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలాసేపు లేదు. తర్వాత సన్నగా అత్త పలుకు వినిపించింది. అమ్మ పెట్టె బరువుకు విసుక్కుని, బస్సు పోతాదని తొందరపెట్టింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను, నా గురించి ఏదో కట్టి ఉంటాడని. ఉప్పు గురించి కట్టిన మనిషి, బర్రె గురించి కట్టిన మనిషి, కూతురు ఊరు విడిచిపోతుంటే కట్టకుండా ఉంటాడా? ఎన్నేళ్లయినా ఆ చరణం నాకు దొరకలేదు. సెలవులకు వచ్చినప్పుడు మళ్లీ మడవ నాదే, నాయన నన్నే పిలిచేవాడు. ఆ రోజు ఏం పాడావని అడిగితే, నోటికేదో వచ్చిండాది అనేసి గడ్డి వాము వైపు వెళ్లిపోయాడు. అత్త, నాకు నీళ్ల మీదనే ధ్యాస, పాట ఎవరు విన్నారమ్మా అంది.

ఎస్సెస్సెల్సీ తర్వాత పెళ్లి చేశారు. చదువు అక్కడే ఆగింది, మళ్లీ మొదలైంది మనవరాలు పుట్టాకే. ఊరికి కరెంటు మోటార్లు వచ్చాయి, కొన్నాళ్లకు మా బావి అడుగు కనిపించింది, కపిల కూసాల్లో ఒకదాన్ని తమ్ముడు పశువుల కొట్టానికి గడప చేశాడు. నాయన పోయాడు, తర్వాత అమ్మ. ఇప్పుడు అదే చేనులో భూమిని బోరుతో పొడుచుకుంటూ పోతే ఎంత లోతుకో నీళ్లు పడ్డాయి, టమాటా చెట్ల మొదట్లో నల్లటి పైపులు చుక్కచుక్కగా కారుస్తున్నాయి. తమ్ముడి కొడుకు చింతామణి బస్టాండులో టీ తాగుతూ ఫోనులో మీట నొక్కితే ఇక్కడ మోటారు తిరుగుతుంది. పిలిచేది ఫోను, పలికేది మోటారు. తప్పని నేను అనను. ఆ పిల్లవాడి అరచేతులు మెత్తగా ఉన్నాయి, ఉండాలి కూడా. నాయన అరచేతుల మీద మోకు కోసిన గీతలు చూసినదాన్ని నేను. కానీ పొద్దున్నే ఊరు బయట నిలబడితే ఒక్క పేరు కూడా వినిపించదు. చేలు పచ్చగానే ఉన్నాయి, వాటిలో ఎవరున్నారో తెలియదు.

ఎం.ఏ.లో ప్రబంధం, అదే పరిశోధన వ్యాసం, రాయాలన్నారు. పందొమ్మిదో శతాబ్దపు వ్యాపారం మీద ఏదో ఒకటి తీసుకోమన్నారు. గ్రంథాలయంలో పాత ఓడల బొమ్మల పుస్తకం తిప్పుతుంటే ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. తెరచాపల ఓడ. లావుపాటి మోకు పట్టుకుని మనుషులు వెనక్కి వాలి లాగుతున్నారు. వాళ్ల ముందు నల్లటి మనిషి ఒకాయన, నోరు తెరిచి ఉన్నాడు. కింద ఇంగ్లీషులో ఏం రాసుందో చదవక ముందే నాకు తెలిసిపోయింది, ఆయన పాడుతున్నాడని. ఆ నోరు నాకు తెలుసు. మోకు లాగేటప్పుడు ఊపిరి ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో తెలిసిన నోరది. సముద్రం ఎప్పుడూ చూడని మనిషివి ఓడల మీద ఏం రాస్తావమ్మా అని మా మార్గదర్శకురాలు నవ్వింది. సముద్రం తెలీదు గానీ మోకు తెలుసు మేడం అన్నాను.

ఆ తర్వాత రాత్రీ పగలూ ఆ నల్ల నావికులే. అర్థం కాని ఇంగ్లీషు మాటకు కూతురి ఫోను, అదీ చెప్పలేకపోతే మార్గదర్శకురాలు. వాళ్ల తాతముత్తాతల్ని ఆఫ్రికా నుంచి కట్టి తెచ్చి అమెరికాలో అమ్మారు. బానిసత్వం తప్పించుకుని స్వతంత్రంగా ఉన్న కొందరు ఉత్తరాది రేవుల్లో ఓడలెక్కారు. ఒడ్డు మీద వాళ్లకు చేతినిండా పని ఇచ్చేవాళ్లు తక్కువ. ఓడ మీద మాత్రం తెల్లవాడి పక్కన నిలబడి అదే మోకు లాగారు, అదే గాలివానలో అదే స్తంభం ఎక్కారు. పోనుపోనూ వాళ్లను వంటకూ వడ్డనకూ నెట్టారు. అందరికన్నా ముందు లేచి పొయ్యి రాజేసేది ఆ వంటాయనే. ఓడ గాలి వాటం మార్చుకునేటప్పుడు వంటాయన కూడా గరిటె పడేసి పరుగున వచ్చి ముందు తెరచాప తాడు దగ్గర నిలబడాలి. అది చదివినప్పుడు, గట్టు తెగిందని కేక వేస్తే చేతికి సంగటి అంటుకుని ఉండగానే చేనికి పరుగెత్తి వచ్చే అమ్మ గుర్తొచ్చింది. రేవుల్లో పత్తి బేళ్లు ఓడలోకి కూరుతూ పాడిన పాటలు వాళ్లతోపాటు సముద్రం మీదికి వచ్చాయి. ఒకడు ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు పలుకుతారు, పలుకు మీదే మోకు కదులుతుంది. దొర మొహం మీద అనలేని మాట పాటలో అంటారు. కప్తాను విననట్టే నిలబడతాడు. మా గౌడు లాగే.

చదివేకొద్దీ గుండె బరువెక్కేవి కూడా ఉన్నాయి. దక్షిణాది రేవుల్లో ఓడ ఆగగానే నల్ల నావికుల్ని జైలుకు తీసుకుపోయేవారు, ఓడ కదిలేదాకా అక్కడే. వాళ్లు స్వేచ్ఛగా ఊళ్లో తిరిగితే, అక్కడి బానిసలు చూసి తామూ అలా తిరగొచ్చని అనుకుంటారన్న భయం. ఒడ్డు కోసం నెలల తరబడి ఎదురుచూసిన మనిషికి ఒడ్డు అంటే జైలు. సముద్రం మీద ఉన్నప్పుడు ఇంటిని తలచుకుని, ఇంట్లో ఉన్నప్పుడు సముద్రం వైపు చూసి బతికినవాళ్లు. వాళ్ల భార్యలు, తల్లులు ఏం పాడుకున్నారో నాకు ఎక్కువ దొరకలేదు. ఎంత వెతికినా ఓడ మీది గొంతే వినిపించింది, ఒడ్డు మీది పలుకు వినిపించలేదు.

ఇదంతా కడుపులో పెట్టుకుని ఊరికి పోయాను. అత్త వసారాలో కాళ్లు చాపుకుని అనపగింజలు పితుకుతోంది. నానిన గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే తొక్క ఇటు, పప్పు అటు. కళ్లు కనపడకపోయినా వేళ్లు ఆగవు. నా అడుగు చప్పుడుకే మునీ అంది. పక్కన కూర్చుని చెప్పాను, పదవి వచ్చింది అత్తా అని. వేళ్లు ఆగాయి. నా మొహం తడిమి చూసింది, గింజల నీళ్లతో చెంపలు తడిసిపోయాయి. తర్వాత మళ్లీ పితకడం మొదలుపెట్టి, దేని మీద రాసినావని అడిగింది. ఓడల మీద పనిచేసిన నల్లవాళ్ల మీద అంటే, మన మాదిరి నల్లగానా అంది. మనకన్నా నలుపు అన్నాను. మనకన్నానా, అయితే మీ నాయనకు దగ్గరవాళ్లే అని నవ్వింది.

నేనూ గింజలు చేతిలోకి తీసుకుని మొదలుపెట్టాను. బొమ్మలోని మనిషి గురించి, మోకు గురించి, పాటకు పలికే గుంపు గురించి చెప్పాను. అత్త ఊ కొట్టింది. జైలు గురించి చెబితే, పాపిష్టోళ్లు అని తొక్కలు విసిరికొట్టింది. తర్వాత కాగితాల సంగతి వచ్చింది. స్వతంత్రుడైన నావికుడి దగ్గర ఒక కాగితం ఉండేది. ఈ మనిషి ఇంత ఎత్తు, ఇక్కడ మచ్చ, ఇతను ఎవరి సొత్తూ కాదు అని. కొందరు ఆ కాగితాన్ని పారిపోవాలనుకునే బానిసకు ఇచ్చేవారు. అతను ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఆ పేరు తనదే అన్నట్టు నడిచి, ఉత్తరాదికి తప్పించుకునేవాడు. దారిలో ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే తడుముకోకుండా పలకాలి. ఒక్క క్షణం తడబడితే బతుకు పోయినట్టే.

అత్త వేళ్లు మళ్లీ ఆగాయి.

"ఇంకొకరి పేరుకి పలికినారా?" అంది.

"అవునత్తా."

"అది నాకు తెలుసులేమ్మా."

ఏం తెలుసని అడిగాను. అత్త చేటను పక్కకు జరిపింది, కొంగుతో చేతులు తుడుచుకుంది. "నువ్వు పోయిన పొద్దున ఏం పాడినాడని అడుగుతావు గదా ఎప్పుడూ" అంది.

"కొత్త పాట ఏమీ లేదు మునీ. రోజూ పాడేదే పాడినాడు. బాన లేచెనే మునీ అని నిన్నే పిలిచినాడు. అలవాటు పొరపాటు అనుకున్న్యాను. మడవలో ఉండేది నేను, నా పేరు పిలిస్తే గదా పలకల్ల. ఊరికే నిలబడినాను. ఆయప్ప మళ్లా పిలవలేదు. ఎద్దులు వాలు మధ్యలో నిలబడిపోయినాయి, బాన సగంలో యాలాడతా ఉండాది. తోటలో నుంచి తొంగి చూసినాను. మోకు మీద కూర్చోని తల వంచుకోని ఉండాడు. చూడలేకపోయినాను. వచ్చి మడవలో నిలబడి 'ఓ, పారె పారె' అన్న్యాను. నీ మాదిరి సన్నగా అన్న్యాను. ఎద్దులు కదిలినాయి."

మరుసటి రోజూ అదే. ఆ మరుసటి రోజూ అదే. ఒకసారి సంగటి పెడుతూ అత్త అడిగిందట, నాకూ ఒక పేరు ఉండాది గదన్నా, నారాయణీ అని పిలవరాదా అని. నాయన ముద్ద మింగి చెయ్యి కడుక్కున్నాడట. పొద్దున మళ్లీ మునీ అనే పిలిచాడు. ఆ తర్వాత అత్త అడగలేదు. నాకు పెళ్లయి అత్తగారింటికి పోయాక కూడా అదే పేరు, నాకు బిడ్డ పుట్టాక కూడా అదే పేరు. బావిలో నీళ్లు ఉన్నన్నాళ్లూ. నేను చింతామణి హాస్టల్‌లో కన్నడ పద్యం బట్టీ పట్టే పొద్దుల్లో, పెనిమిటి ఇంట్లో కట్టెల పొయ్యి ఊదే పొద్దుల్లో, మా చేనులో నేను పిలిపించుకుంటూనే ఉన్నాను, పలుకుతూనే ఉన్నాను. నాకు తెలియలేదు.

"యాలకి చెప్పలేదత్తా ఇన్నాళ్లు?"

"మీ నాయనకి సిగ్గు. నువ్వడిగితే వాము తట్టు పోయినాడు చూడు, అందుకే. నాకు, ఏముండాది చెప్పేదానికి? నాకూ కోపం ఉండె మొదట్లో. మిల్లు మానుకొని వచ్చినాను, నా పేరు గూడా ఆ చేనులో వినపడలేదే అని. తర్వాత తర్వాత ఆ పేరుకి పలకతా పలకతా నేనే హైస్కూల్లో ఉండానేమో అనిపిస్తా ఉండె." అని ఆగి, నా భుజం మీద ఒకటి వేసింది. "మునిరత్నమ్మకి పదవి వచ్చిందంటాండావే. సగం నాది."

నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ కళ్లు నిండిపోయాయి, చెయ్యంతా గింజల జిగురు కాబట్టి మోచేత్తో తుడుచుకున్నాను. సగమేంటి, నీళ్లు పట్టింది అత్త, పండింది మాత్రం నా పేరు మీద. ఇన్నేళ్లు దొరకని చరణం కోసం వెతికాను. చరణమే లేదు. ఉన్నది నా పేరు. దాన్ని మించి నాయన దగ్గర కట్టడానికి ఇంకేం లేదు కాబోలు.

వసారా బయట ఎక్కడో మోటారు దానంతట అదే మొదలై గుర్రుమంటోంది. అత్తను బతిమాలాను. నా గొంతు పెట్టి పలికినదాన్ని ఒక్కసారి, ఒకే ఒక్కసారి వినిపించమన్నాను. ఫోను తీసి రికార్డు కూడా పెట్టాను. అత్త చేటను మళ్లీ ఒళ్లోకి లాక్కుంది, నాలుగు గింజలు పితికింది, చేను వైపు మొహం తిప్పి కాసేపు విన్నది.

"పిలిచేవాళ్లు లేకండా ఎట్ల పలకల్లమ్మా?" అంది.